మట్టి దిబ్బ మీద సైకిల్



హైదరాబాద్‌లో మా శ్రీనగర్ కాలనీలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లయిపోతున్నాయి. ఇల్లు పడగొట్టగానే సెల్లార్ కోసం పొక్లెయిన్ దిగుతుంది. తవ్విన ఎర్ర మొరాన్ని పక్కనున్న ఖాళీ స్థలంలో గుట్టగా పోస్తారు. లారీలు వచ్చి ఎత్తుకుపోయేదాకా, నెలో రెండు నెలలో, ఆ గుట్ట అక్కడే ఉంటుంది. ఉన్నన్నాళ్ళూ అది వీధి పిల్లలదే.

పోయిన వేసవి సెలవుల్లో ఒక పొద్దున పాల ప్యాకెట్లు తీసుకుని వస్తూ అక్కడ ఆగాను. ఆరుగురు పిల్లలు, నాలుగు సైకిళ్ళు. దూరం నుంచి తొక్కుకుంటూ వచ్చి, దిబ్బ ఎక్కి, అవతలికి దూకుతున్నారు. అందులో మా మేనల్లుడూ ఉన్నాడు. పన్నెండేళ్ళవాడు. వాడు మంచి ఊపు మీద వచ్చాడు. తీరా దిబ్బ అంచుకి వచ్చాక రెండు బ్రేకులూ పట్టేశాడు. ముందు చక్రం అంచు దాటి కిందికి ఒరిగింది, వాడు హ్యాండిల్ మీదుగా అవతల పడ్డాడు. అదృష్టం బాగుండి మోచేతులు గీరుకుపోవడంతో సరిపోయింది. లేచి, దుమ్ము దులుపుకుని, నన్ను చూసి "భయమేసింది మామయ్యా" అన్నాడు.

ఈ ఆటని ప్రపంచంలో డర్ట్ జంపింగ్ అంటారు. మట్టితో కట్టిన దిబ్బల మీద నుంచి సైకిల్ని గాలిలోకి లేపి, మళ్ళీ మట్టి మీదకే దింపడం. ఇందులో నైపుణ్యం ఎలా వస్తుంది, ధైర్యం ఎలా వస్తుంది అన్నదే ఇవాళ నేను మీతో పంచుకోవాలనుకున్న విషయం. ఈ రెండూ వేర్వేరుగా వస్తాయని నేను అనుకోను. దిగడం తెలిశాక భయం తనంతట తనే తగ్గుతుంది. దిగడం తెలియని పిల్లాడికి "ఏం కాదు, దూకు" అని చెప్పడం ధైర్యం చెప్పడం కాదు, వాణ్ణి ప్రమాదంలోకి నెట్టడమే.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా ఎడమ భుజం కారణం.

1989 అక్టోబర్ 5న 'శివ' సినిమా విడుదలైంది. అప్పుడు నాకు పదమూడేళ్ళు. పాపని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నాగార్జున సైకిల్ తొక్కడం, వెనక రౌడీలు తరమడం. ఆ ఛేజ్ చూసి వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వయసులో ఈ ప్రాంతంలో పెరిగినవాళ్ళకి సినిమా అంటే తెర మీది సంగతి మాత్రమే కాదు. అన్నపూర్ణ స్టూడియో గోడ పక్కనుంచే బడికి వెళ్ళేవాళ్ళం. ఆ సైకిల్ మా వీధిలోనే తొక్కినట్టు అనిపించింది. మర్నాడే నలుగురం కలిసి రాళ్ళ మీద చెక్క పలక వాల్చి, సైకిళ్ళు ఎగరేయడం మొదలుపెట్టాం. మూడో రోజున నేను గాలిలోకి బాగానే లేచాను. ఆ లేచిన క్షణం ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియదు. కింద గట్టి నేల, చదును నేల. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాను. ఆ తర్వాత చాలా ఏళ్ళు సైకిల్ మీద చిన్న గుంత కనబడినా వేళ్ళు బ్రేకుల మీదకి పోయేవి.

అదే సినిమా 2025 నవంబర్‌లో మళ్ళీ థియేటర్లకి వచ్చింది. అప్పుడు దర్శకుడు రామ్ గోపాల్ వర్మ, ఆ ఛేజ్‌లో పసిపిల్లతో అంత ప్రమాదకరమైన షాట్లు తీసినందుకు, ఇప్పుడు పెద్దదైన ఆ అమ్మాయికి అందరి ఎదుటా క్షమాపణ చెప్పారు. అది చదివి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. ముప్ఫై ఆరేళ్ళ తర్వాతైనా ఆ మాట చెప్పాల్సిన మాటే.

మా ఇంటి వెనక కృష్ణానగర్. తెల్లవారుజామున సినిమా కంపెనీ వ్యాన్ల కోసం జనం నిలబడే చోటు. ముప్ఫై ఏళ్ళు ఫైటర్‌గా చేసి, మోకాళ్ళు అరిగి మానేసిన పెద్దాయన ఒకరు అక్కడ ఉన్నారు. హీరోలకి డూప్‌గా మేడల మీంచి దూకినవాడు. మా మేనల్లుడు పడ్డ రోజు సాయంత్రం ఆయన్ని అడిగాను, మాస్టారూ, మీకు భయం ఎలా పోయిందని. ఆయన చెప్పింది నా మాటల్లో చెబుతాను. దూకే ముందు ఆయన కిందికి దిగి, తను పడబోయే చోటుని చేత్తో తడిమి చూసుకునేవారట. ఖాళీ అట్టపెట్టెలు వరసగా పేర్చి, వాటి మీద పరుపులు వేసి, పరుపుకీ పరుపుకీ మధ్య సందు లేకుండా చూసుకుని, అప్పుడు మేడ ఎక్కేవారట. పెట్టెలు ఎవరు పేర్చారో తెలియకపోతే ఎక్కేవారు కాదట.

సినిమాలో మనకి ఆ అట్టపెట్టెలు కనబడవు. హీరో బండి గాలిలోకి లేస్తుంది, కెమెరా కింద నుంచి చూస్తుంది, కట్. తర్వాతి షాట్‌లో బండి రోడ్డు మీద పరుగెడుతూ ఉంటుంది. మధ్యలో ఉండాల్సిన దిగడం ఎడిటింగ్ టేబుల్ దగ్గర పోయింది. స్టూడియో గోడ పక్కన పెరిగిన మేము పైకి లేవడం ఒక్కటే నేర్చుకున్నాం.

సినిమా చూసి సైకిళ్ళు ఎగరేయడం మన పిల్లలతో మొదలైంది కాదు. అమెరికాలో 1971లో 'ఆన్ ఎనీ సండే' అని మోటారు సైకిళ్ళ మీద డాక్యుమెంటరీ వచ్చింది. దాని మొదట్లో కాలిఫోర్నియా పిల్లలు మట్టి దారిలో చిన్న సైకిళ్ళ మీద మోటోక్రాస్ రేసు ఆడుతూ కనబడతారు. దాన్ని చూసి దేశమంతా పిల్లలు మట్టి దిబ్బలు వెతుక్కున్నారు. బీఎంఎక్స్ అనే ఆట ఊపందుకున్నది ఆ రోజుల్లోనే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో బీఎంఎక్స్ రేసు చేరింది. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో గాలిలో విన్యాసాలు చేసే ఫ్రీస్టైల్ కూడా చేరింది. ఖాళీ స్థలాల్లో పిల్లలు ఆడుకున్న ఆట నలభై ఏళ్ళ లోపే ఒలింపిక్ పతకం దాకా వచ్చింది. అందుకే ఎవరైనా దీన్ని అల్లరి కింద కొట్టిపారేస్తే నాకు బాధగా ఉంటుంది.

సరే, మళ్ళీ మన మొరం గుట్ట దగ్గరికి వద్దాం.

మర్నాడు బిల్డర్ దగ్గరా, వాచ్‌మన్ దగ్గరా అనుమతి తీసుకుని, సెల్లార్ గోతికి బాగా దూరంగా స్థలం చూసుకుని, పిల్లలతో కలిసి దిగాను. మొదటి రోజంతా సైకిల్ ముట్టనివ్వలేదు. గాజు పెంకులు, బైండింగ్ వైరు ముక్కలు, విరిగిన ఇటుకలు, రెండు ఇనప చువ్వలు ఏరి పారేశాం. తర్వాత దిబ్బని మళ్ళీ కట్టాం.

ఈ పని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే భయంలో సగం దిబ్బలోనే ఉంటుంది. తవ్వి పోసిన గుట్టకి అంచు మొనదేలి ఉంటుంది, అవతలి వైపు నిటారుగా పడిపోతుంది. దాని మీంచి దూకితే దిగేది చదును నేల మీదకే. మీటరు ఎత్తు నుంచి చదును నేల మీద పడితే, నేలని తాకేసరికి కిందికి పడే వేగం గంటకి దాదాపు 16 కిలోమీటర్లు ఉంటుంది. ఆ దెబ్బంతా మణికట్లూ మోకాళ్ళూ వెన్నూ మొయ్యాలి. అదే, దిగే చోట నేల కూడా సైకిల్ పడుతున్న వాలులోనే ఉంటే, చక్రం నేలని గుద్దుకోదు, దాని వెంట జారుకుంటూ పోతుంది. ఎత్తు అంతే, వేగం అంతే, దెబ్బ మాత్రం చాలా తక్కువ. జారుడుబల్ల మీంచి దిగడానికీ, దాని పక్కనుంచి దూకడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే.

అందుకని ముందు దిగే వాలు కట్టాం. మూడు మీటర్ల పొడవు, చాలా మెల్లగా దిగేలా. ఎక్కే వాలు అందులో సగం. మధ్యలో ఖాళీ వదలకుండా మీటరు పొడవున చదునుగా మట్టి నింపాం. దీన్ని టేబుల్‌టాప్ అంటారు, అంటే బల్ల లాంటి దిబ్బ. మొత్తం ఎత్తు మోకాలి దాకానే. ఈ బల్ల గొప్పతనం ఏమిటంటే, వేగం చాలక మధ్యలోనే దిగినా చక్రం కింద నేల ఉంటుంది. రెండు దిబ్బల మధ్య గొయ్యి వదిలేసే రకం కూడా ఉంది, డబుల్ అంటారు. అందులో వేగం తగ్గితే ముందు చక్రం వెళ్ళి అవతలి దిబ్బకి గుద్దుకుంటుంది. నేర్చుకునేవాళ్ళు దాని జోలికి పోకూడదు.

మొరం మంచి మట్టి. అందులో సన్న గులకా, జిగురూ రెండూ ఉంటాయి. సాయంత్రం నీళ్ళు చల్లి వదిలేశాం. పొద్దునకి చెమ్మ లోపలికి దిగింది. చేత్తో పిడికిలి పడితే ముద్ద కావాలి, వేలికి మాత్రం అంటుకోకూడదు. ఆ అదనులో దిమ్మిసతో కొట్టాం. మా వీధి చివర కడుతున్న ఇంట్లో మేస్త్రీ ఆ దిమ్మిస ఇచ్చాడు, ఎలా పట్టుకోవాలో కూడా చూపించాడు. పదకొండేళ్ళ అమ్మాయి ఒకతి ఒంగి, చెంప నేలకి ఆనించి చూసి, "అంకుల్, ఇక్కడ కొంచెం ఉబ్బింది" అనేది. ఎక్కే వాలు మీద బొడిపె ఉంటే చక్రం అక్కడ తన్నుకుని సైకిల్ పక్కకి పోతుంది. ఆ అమ్మాయి చెప్పిన చోటల్లా చెక్కాం. తను కట్టుకున్న దిబ్బలో ఎక్కడ ఏముందో తెలిసిన పిల్లకి అంచు దగ్గర బ్రేకు పట్టాలనిపించదు.

సైకిల్ గురించి తక్కువే చెబుతాను. దీనికోసం ప్రత్యేకంగా చేసిన సైకిళ్ళున్నాయి, ఒకటే గేరు, గట్టి ఫ్రేము, 26 అంగుళాల చక్రాలు, బాగా కిందికి ఉండే సీటు. మోకాలెత్తు దిబ్బకి అవేవీ అక్కర్లేదు. ఉన్న సైకిల్ బాగుంటే చాలు. సీటు మాత్రం బాగా కిందికి దించాలి, లేకపోతే గాలిలో అది తొడని తన్నుతుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ దగ్గర కటకట మంటే బిగించాలి. ఇంకొకటి, హ్యాండిల్ కొసల్లో ప్లాస్టిక్ బిరడాలు ఉన్నాయో లేదో చూడండి. చాలా పిల్లల సైకిళ్ళకి అవి ఊడిపోయి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. పడ్డప్పుడు ఆ గొట్టం కడుపులో గుచ్చుకుంటే లోపల అవయవాలకి దెబ్బ తగులుతుంది. హెల్మెట్ లేకుండా ఎవరూ ఎక్కకూడదు. మోకాళ్ళకి ప్యాడ్లు, చేతులకి గ్లౌజులు ఉండాలి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినలేదు.

ఇక ఒంటి సంగతి.

మీరు అట్లతద్దికి ఉయ్యాల ఊగినవాళ్ళయితే ఈ విద్యలో సగం మీకు వచ్చేసినట్టే. నిలబడి ఊగేటప్పుడు ఏం చేస్తాం? ఉయ్యాల కిందికి వచ్చేటప్పుడు మోకాళ్ళు వంచుతాం, అడుగుకి రాగానే బల్లని కాళ్ళతో తొక్కి లేస్తాం. తొక్కిన ప్రతిసారీ ఉయ్యాల ఇంకాస్త పైకి పోతుంది. దిబ్బ మీదా అదే. పెడళ్ళు రెండూ సమానంగా, నేలకి అడ్డంగా పెట్టి వాటి మీద నిలబడాలి. సీటు మీద కూర్చోకూడదు. వాలు మొదలవుతుండగా మోకాళ్ళూ మోచేతులూ వంచి ఒదగాలి. వాలు ఎక్కుతున్నప్పుడు కాళ్ళతో నేలని తొక్కుతున్నట్టు నొక్కి, అంచు దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడాలి. సైకిల్ తనే లేస్తుంది. హ్యాండిల్ పట్టుకుని పైకి లాగితే ముందు చక్రం ఒక్కటే లేచి సైకిల్ వెల్లకిలా పోతుంది. పూర్తిగా ఊరుకుంటే సైకిల్ ముక్కు కిందికి దించుతుంది. కొత్తవాళ్ళలో ఎక్కువమంది చేసే తప్పు ఈ రెండోది.

మా పిల్లలకి ఇది నోటితో చెబితే అర్థం కాలేదు. పార్కులో ఉయ్యాల దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టి ఊగించాను. తర్వాత దిబ్బ మీదకి తీసుకొచ్చి, ఎగరొద్దు, పెడల్ తొక్కొద్దు, ఒంటి ఊపుతోనే దిబ్బ ఎక్కి దిగండి అన్నాను. రెండు రోజులు ఇదే పని. మూడో రోజున ఆ పదకొండేళ్ళ అమ్మాయి చక్రాలు అంచు దగ్గర నేలని వదిలాయి. బెత్తెడు. తనకి తెలియలేదు, మాకు కనబడింది.

గాలిలో ఉండేది ఎంతసేపో చెబుతాను. 20 డిగ్రీల వాలు మీద గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వెళితే, లెక్క ప్రకారం గాలిలో ఉండేది సెకనులో మూడో వంతు కన్నా తక్కువ. దాటేది మీటరు పైచిలుకు. మా బల్ల పొడవు మీటరు పెట్టింది అందుకే. అదే వాలు 30 డిగ్రీలు, వేగం 20 కిలోమీటర్లు అయితే? సెకనులో సగానికి పైగా గాలిలో ఉంటాం, దాదాపు 2.7 మీటర్లు దాటతాం. వేగం కాస్త పెంచి, వాలు కాస్త లేపితే దూరం రెండు రెట్లు దాటిపోయింది చూడండి. ఇక్కడే పిల్లలు మోసపోతారు. నిన్నటి దిబ్బని ఇవాళ ఒక్కసారే నడుమెత్తు చేస్తారు. మేము మాత్రం పది సార్లు వరసగా నిబ్బరంగా దిగినవాళ్ళకే, వాళ్ళు అడిగితేనే, జానెడు చొప్పున పెంచాం.

కళ్ళు ఎక్కడుంటే సైకిల్ అక్కడికి పోతుంది. అంచు దగ్గరికి రాగానే చూపు అవతల, దిగే వాలు మీద ఉండాలి. ముందు చక్రం వైపు చూస్తే తల వంగుతుంది, తలతో పాటు భుజాలు, భుజాలతో పాటు సైకిల్. దిగేటప్పుడు రెండు చక్రాలూ కలిసి, లేదా ముందు చక్రం కొంచెం ముందుగా, వాలుకి సరిసమానంగా తాకాలి. తాకగానే మోకాళ్ళూ మోచేతులూ మళ్ళీ వంగాలి. బరువైన బిందెని గచ్చు మీద దించేటప్పుడు చేతులు ఎలా మెత్తగా వంచుతామో అలా.

మా మేనల్లుడు వారం రోజులు దీనికి దూరంగానే ఉన్నాడు. మట్టి మోశాడు, నీళ్ళు పట్టాడు, ఎగరలేదు. మిగతా పిల్లలు "రారా, పిరికోడా" అనడం మొదలుపెట్టారు. నేను వాళ్ళని కూర్చోబెట్టి గట్టిగానే చెప్పాను, ఆ మాట మళ్ళీ వినబడితే దిబ్బ పగలగొట్టేస్తానని. ఒకసారి పడ్డవాడి భయం అబద్ధం కాదు. వాడి ఒంటికి ఒక సంగతి తెలిసింది, అది వాణ్ణి హెచ్చరిస్తోంది. చిక్కేమిటంటే, భయపడ్డ ఒళ్ళు బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన మనిషి గాలిలో కొయ్యలా ఉంటాడు, సైకిల్ ఎటు ఒరిగితే అటు పోతాడు. విదేశాల్లో ఆటగాళ్ళు దీన్ని డెడ్ సెయిలర్, అంటే చచ్చిన నావికుడు అంటారు. ఇక రెండో చిక్కు, చివరి క్షణంలో బ్రేకు. అప్పటిదాకా తెచ్చుకున్న ఊపంతా పోతుంది, ఒంటి బరువు ముందుకి పడుతుంది. వెనక్కి తగ్గాలనుకుంటే దిబ్బకి పది గజాల ముందే తగ్గాలి. ఆ చోట సున్నంతో గీత గీశాం. గీత దాటే ముందు ఎవరైనా, ఎన్నిసార్లైనా ఆగిపోవచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు. గీత దాటాక మాత్రం బ్రేకు ముట్టకూడదు.

ఆ సున్నపు గీత వాడికి ఎంత మేలు చేసిందో నేను చెప్పలేను. మొదటి రోజు పదకొండు సార్లు గీత దగ్గర ఆగాడు. నేను లెక్కపెట్టాను, వాడికి తెలియనివ్వలేదు.

పడటం కూడా నేర్పాం.  కృష్ణానగర్ పెద్దాయన వచ్చి, పాత పరుపు మీద పిల్లల చేత దొర్లించారు. చెయ్యి కర్రలా చాచి నేలకి ఆనించకూడదు. పిల్లల ముంజేతి ఎముకలు విరిగేదీ, నా కాలర్ బోన్ విరిగిందీ అలాగే. చేతులు ముడిచి, గడ్డం ఛాతీకి ఆనించి, భుజం మీదుగా దొర్లాలి. సైకిల్ని వదిలేయాలి. మోకాళ్ళ నొప్పి ఉన్నా ఆయన తనే నాలుగుసార్లు దొర్లి చూపించారు. లేచేటప్పుడు మాత్రం మా మేనల్లుడు చెయ్యి పట్టుకుని లేచారు. వాడి చెయ్యి వదలకుండా దిగే వాలు దాకా నడిపించుకెళ్ళి, వంగి, మట్టిని అరచేత్తో తడిమారు. వాణ్ణి కూడా తడమమన్నారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి వాడు గీత దాటాడు. నేను పక్కన నిలబడ్డాను. మోకాళ్ళు వంగాయి, చూపు అవతలికి పోయింది, అంచు దగ్గర లేచాడు. ఎత్తు జానెడు కూడా లేదేమో. రెండు చక్రాలూ మొరం మీద ఒక్కసారే ఆనాయి. దిమ్మిసతో బాగా కొట్టిన మట్టి మీద టైరు ఆనితే మెత్తగా "దుమ్" మని వస్తుంది, అదే శబ్దం. వాడు కేక వెయ్యలేదు. చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ వరసలో నిలబడ్డాడు.

మన ఊళ్ళో సైకిళ్ళకి మంచి రోజులే వచ్చాయి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన పైన సోలార్ పలకల నీడతో 23 కిలోమీటర్ల ట్రాక్ 2023 అక్టోబర్‌లో తెరిచారు. పెద్దవాళ్ళు హాయిగా తొక్కుతున్నారు. ప్రతి వార్డులో ఒక పార్కు మూల ఇంత మొరం పోసి, మోకాలెత్తు దిబ్బలు నాలుగు కట్టి, ఒక నీళ్ళ కుళాయి పెడితే పిల్లలు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ల మీంచి దూకడం మానేస్తారు. ఖర్చు నాలుగు లారీల మట్టి. పక్క సెల్లార్ గోతిలో అది ఊరికే దొరుకుతుంది. ఈ మాట వినే స్థానంలో ఉన్నవాళ్ళు వింటున్నారనే ఆశతోనే చెబుతున్నాను.

మా దిబ్బ జూన్ మొదటి వారంలో పోయింది. బడులు తెరవకముందే లారీలు వచ్చాయి. పొక్లెయిన్ తొట్టి దిగే వాలులో గుచ్చుకుంటే, అంత గట్టిగా ఉందేమిటని డ్రైవరు కిందికి దిగి చూశాడు. పిల్లలు గోడ మీద కూర్చుని చూశారు. మా మేనల్లుడు దిమ్మిస మేస్త్రీకి ఇచ్చేద్దామని భుజాన వేసుకున్నాడు. ఆ పదకొండేళ్ళ అమ్మాయి వాణ్ణి ఆపింది. ఎదురు వీధిలో మూడో ఇంటి ముందు సామాన్ల వ్యాను ఆగి ఉంది, బీరువా ఎక్కిస్తున్నారు. "అంకుల్, ఆ ఇల్లు కూడా ఖాళీ చేస్తున్నారు, ఇంకో రెండు నెలలు దిమ్మిస ఉంచుకోవచ్చా అని అడగండి" అంది.

అడిగాను. మేస్త్రీ ఉంచుకోమన్నాడు.